ఈకల గాలం కట్టడం ఎలా?

డేటా స్ట్రక్చర్స్ పరీక్షకి ముందు రోజు రాత్రి రెడ్-బ్లాక్ ట్రీ అర్థం కాక యూట్యూబ్ తెరిచాను. రెండు గంటల తర్వాత చూసుకుంటే నా ఫోనులో ఉన్నది ట్రీ కాదు, చేప. అమెరికాలో మోంటానా రాష్ట్రం. ఒక పెద్దాయన టేబుల్‌కి బిగించిన చిన్న పట్టకారులో గాలం పెట్టి దాని మీద దారం చుడుతున్నాడు. తర్వాత కోడి ఈక ఒకటి చుట్టాడు. ఆ పైన ఎల్క్ అనే పెద్ద దుప్పి వెంట్రుకలు కట్టాడు. ఆరు నిమిషాల్లో గాలం కాస్తా రెక్కల పురుగైపోయింది. దాన్ని ఫ్లై అంటారట, కట్టే పనిని ఫ్లై టైయింగ్ అంటారట. ఏ చేప కోసం అంటే కట్‌త్రోట్ ట్రౌట్.

పరీక్ష ఎలా రాశానో మాత్రం అడక్కండి.

ఆ వీడియో చూస్తున్నంతసేపూ ఈ పని నేనెక్కడో చూశానే అనిపించింది. మూడు రోజులకి గుర్తొచ్చింది. కళింగపట్నానికి దగ్గర్లో మా అమ్మమ్మ వాళ్ళ ఊరు. అరుగు మీద మా తాత. కాలి బొటనవేలికి టంగూసు తగిలించుకుని, ఎడం చేత్తో గాలం పట్టుకుని, ఈకలు కట్టేవాడు. చిన్నప్పుడు వంద సార్లు చూసి ఉంటాను. ఇంగ్లీష్ మీడియం, విజయనగరంలో హాస్టల్, తర్వాత ఇంజనీరింగ్. మా ఇంట్లో ఉన్న పని ఒకటుందని నాకు మోంటానా ఆయన చెప్పాల్సి వచ్చింది.

అందుకే ఈ వ్యాసం. ఇది పాఠం లాగే రాస్తున్నాను. చివరికొచ్చేసరికి మీరు ఒక ఈకల గాలం కట్టగలగాలి. నా వల్ల ఒక చేప పోయిన సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే అసలు పాఠం అక్కడే ఉంది.

ముందు ఆ అమెరికా చేప

కట్‌త్రోట్ ట్రౌట్ ఉత్తర అమెరికాలో పడమటి వైపు ఉండే చేప. మోంటానా, ఐడాహో, వయోమింగ్ లాంటి చోట్ల కొండల్లోంచి వచ్చే చల్లటి ఏళ్ళలో బతుకుతుంది. కింది దవడ దగ్గర కత్తితో గీసినట్టు రెండు ఎర్రటి గీతలుంటాయి. గొంతు కోసినట్టు ఉంటుందని ఆ పేరు. శాస్త్రీయ నామం ఆంకోరింకస్ క్లార్కీ. 1804 నుంచి 1806 దాకా ఆ ఖండం దాటి పసిఫిక్ సముద్రం వరకు వెళ్ళొచ్చిన లూయిస్, క్లార్క్ దళంలో విలియం క్లార్క్ పేరు మీద పెట్టారు.

ఈ చేపకి ఇప్పుడు కష్టకాలం. ఎల్లోస్టోన్ సరస్సులో 1994లో లేక్ ట్రౌట్ అనే బయటి చేప కనిపించింది. అది కట్‌త్రోట్‌ని తింటుంది. దాంతో ఆ సరస్సులో కట్‌త్రోట్ బాగా తగ్గిపోయింది. అందుకే అక్కడ చాలామంది పట్టిన కట్‌త్రోట్‌ని తిరిగి నీళ్ళలో వదిలేస్తారు. మా తాతకి ఈ ముక్క చెప్తే చాలాసేపు నవ్వాడు. "వదిలెయ్యడానికేటి పట్టడం?" అన్నాడు.

మన నాగావళిలో, వంశధారలో ట్రౌట్ ఎందుకు లేదంటే నీళ్ళు వేడి. 20 డిగ్రీలు దాటితేనే ట్రౌట్‌కి ఇబ్బంది మొదలవుతుంది. మన దేశంలో ఉన్న ట్రౌట్ కూడా బ్రిటిష్ వాళ్ళ కాలంలో తెచ్చి కశ్మీరు ఏళ్ళలో, నీలగిరి కొండల్లో వదిలినదే.

మరి ఫ్లై ఎందుకు? ట్రౌట్ ఎక్కువగా తినేది నీటి పురుగుల్ని. ఏటి అడుగున పిల్ల పురుగుగా ఉండి, రెక్కలొచ్చాక పైకి తేలి ఎగిరిపోయేవి. ఆ పురుగుని పట్టుకుని గాలానికి గుచ్చాలంటే కుదరదు, ముట్టుకుంటే నలిగిపోతుంది. కాబట్టి పురుగులాంటిది కట్టాలి.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. క్రీస్తు శకం 200 ప్రాంతంలో ఈలియన్ అనే రోమన్ రచయిత జంతువుల గురించి ఒక పెద్ద పుస్తకం రాశాడు. అందులో మాసిడోనియాలో అస్ట్రేయస్ అనే ఏటి దగ్గర జనం చేపలు పట్టే పద్ధతి చెప్పాడు. అక్కడ మచ్చల చేపలు ఒక రకం ఈగని తింటాయి. మనిషి చెయ్యి తగిలితే ఆ ఈగ రంగు పోయి, రెక్కలు వాడిపోతాయి. అందుకని వాళ్ళు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ కింద నుంచి రెండు ఈకలు తీసి కట్టేవాళ్ళు. ఎర్ర దారం, రెండు కోడి ఈకలు. మా తాత అరుగు మీద ఉన్న డబ్బాలోనూ అవే.

కోడి మెడ మీద ఈక

అన్ని ఈకలూ పనికిరావు. పుంజు మెడ చుట్టూ సన్నగా, పొడుగ్గా, మెరుస్తూ ఉండే ఈకలు కావాలి. వాటి పోచలు గట్టిగా ఉంటాయి, నీళ్ళు తొందరగా పీల్చవు, తడిసినా ముద్దవ్వవు. పెట్ట ఈక మెత్తగా ఉంటుంది. అది నీళ్ళలో మునిగి కదిలే రకం ఫ్లైలకి వాడతారు. నీటి మీద తేలాలంటే పుంజు ఈకే.

అమెరికాలో ఈ ఈకల కోసమే పుంజుల్ని పెంచే ఫారాలున్నాయి. 2011లో అక్కడ అమ్మాయిలు జుట్టులో ఈకలు కట్టుకునే ఫ్యాషన్ వచ్చింది. సెలూన్ల వాళ్ళు ఫ్లైలు కట్టేవాళ్ళ షాపుల మీద పడి పొడుగు ఈకలన్నీ కొనేశారు. ధరలు పెరిగిపోయాయి. చేపలు పట్టే పెద్దమనుషులు హెయిర్ సెలూన్ల మీద కోపం తెచ్చుకున్న కాలం అది.

మన దేశం ఈకలకీ ఈ కథలో చోటుంది. దక్షిణ భారతంలో బూడిదరంగు అడవికోడి ఉంటుంది. ఆ పుంజు మెడ ఈకల మీద మైనం చుక్క పెట్టినట్టు పసుపు తెలుపు మచ్చలుంటాయి. ఇంగ్లండులో సాల్మన్ ఫ్లైలకి ఆ ఈకని చేప కన్నులాగా కట్టేవాళ్ళు. ఒకప్పుడు మన దేశం నుంచి చాలా ఎగుమతి అయ్యేవి. తర్వాత ఆ ఎగుమతిని నిషేధించారు. అడవికోడికి ఇప్పుడు చట్టం రక్షణ ఉంది. కాబట్టి ఎవరూ అటువైపు చూడకండి. నాటుకోడి చాలు.

నాటుకోడి అన్నాను కదా, ఇక్కడే నేను మొదటిసారి సిగ్గుపడ్డాను. మోంటానా ఆయన ఈకల రంగులకి బ్రౌన్, గ్రిజ్లీ, డన్ అని పేర్లు చెప్తుంటే నోట్సు రాసుకున్నాను. తాత దగ్గరికెళ్ళి "తాతా, బ్రౌన్ ఈక ఉందా?" అని అడిగాను.

"బ్రౌనేటే గుంటా? డేగ మెడ కావాలా, పర్ల మెడ కావాలా?"

డేగ అంటే ఎర్ర పుంజు. కాకి అంటే నల్లది. సేతువ అంటే తెల్లది. పర్ల అంటే మెడ మీద తెలుపు నలుపు కలిసినది. సంక్రాంతి కోడిపందాల వార్తల్లో ఈ పేర్లు విన్నాను గానీ, అవి రంగుల పేర్లని నాకు తట్టలేదు. ఇంగ్లీషులో ఆ చేతిపనికి ఎన్ని రంగుల పేర్లున్నాయో మన దగ్గరా అన్నీ ఉన్నాయి.

మా తీరం సంగతి

శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. విజయనగరానికి భోగాపురం, పూసపాటిరేగ వైపు కలిపి 28 కిలోమీటర్లే. రెండు చోట్లా వలదే రాజ్యం. గాలం వేసేవాళ్ళు కూడా ఉన్నారు. గాలానికి పడిన చేప నలగదు, ధర బాగా పలుకుతుంది. కోనెం, సూర, కానాగంతలు గాలానికి పడతాయి. కోనెం అంటే మీరు హోటల్లో వంజరం అని తినేది. సూర అంటే ట్యూనా.

ఈ పెద్ద చేపలు తినేది నెత్తళ్ళని, కవళ్ళని. అంటే మా వాళ్ళు కట్టేది పురుగుని కాదు, చిన్న చేపని. నడుస్తున్న తెప్ప వెనక దాన్ని లాక్కుంటూ వెళ్తారు. నీటి పైపొరలో అది నెత్తల్లు పరిగెత్తినట్టు ఉంటుంది. మా తాత దాన్ని ఈకల గాలం అంటాడు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలలే వలలు కుట్టుకోవడానికి, గాలాలు కట్టుకోవడానికి. నా వేసవి సెలవులూ అప్పుడే. ఇన్నేళ్ళూ సెలవుల్లో వెళ్ళి తాత పక్కనే కూర్చుని ఫోను చూసుకున్నానన్నమాట.

ఈసారి తాతకి శుక్లాలు ముదిరిపోయాయి. ఆపరేషన్ చెయ్యాలంటే షుగర్ తగ్గాలన్నారు. కుడి కన్ను దాదాపు కనబడదు. చిన్న మావయ్య గుజరాత్‌లో వెరావల్ వెళ్ళిపోయాడు, ట్రాలర్ మీద జీతానికి. మా వైపు ఊళ్ళల్లో ఇది మామూలే. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకున్న మన మత్స్యకారులు అలా వెరావల్ నుంచి వెళ్ళినవాళ్ళే. వాళ్ళల్లో ఎక్కువమంది 2020 జనవరిలో తిరిగొచ్చారు. తండేల్ సినిమా మీరంతా చూసే ఉంటారు. తెప్ప నడిపేది ఇప్పుడు పెద్ద మావయ్య ఒక్కడే. రోజంతా వల పనిలో ఉంటాడు. గాలాలు కట్టేవాళ్ళు లేరు.

"నేను కడతాను తాతా" అన్నాను. యూట్యూబ్‌లో నలభై వీడియోలు చూసిన ధైర్యం అది.

చేప ఏం చూస్తుంది?

కట్టే ముందు ఇది తెలియాలి. లేకపోతే మనకి అందంగా కనిపించేది కడతాం.

ఫిజిక్స్‌లో స్నెల్ సూత్రం చదివాం కదా. నీటి వక్రీభవన గుణకం 1.33. అందువల్ల కింద నుంచి పైకి చూసే చేపకి బయటి ప్రపంచమంతా ఒక గుండ్రటి కిటికీలో కనిపిస్తుంది. దాని కోణం సుమారు 97 డిగ్రీలు. ఆ కిటికీ అవతల నీటి పైతలం అద్దంలా ఉండి, ఏటి అడుగునే చూపిస్తుంది. తేలే ఫ్లై ఆ అద్దం మీద ఉన్నప్పుడు చేపకి దాని ఆకారం కనబడదు. ఈక పోచలు నీటిని నొక్కిన చోట చిన్న చిన్న మెరుపులే కనిపిస్తాయి. పురుగు కాళ్ళు నొక్కినా అలాగే ఉంటుంది. అందుకే గట్టి పుంజు ఈక కావాలి. ఎల్క్ వెంట్రుక ఎందుకంటే దాని లోపల గాలి ఉంటుంది, తేలుతుంది. నేను చూసిన వీడియోలో ఫ్లై పేరు ఎల్క్ హెయిర్ క్యాడిస్. అల్ ట్రోత్ అనే ఆయన కనిపెట్టాడు.

సముద్రంలో లెక్క వేరు. మా గాలం తేలదు, కొద్ది లోతులో పరిగెడుతుంది. అక్కడ ముఖ్యమైనవి మూడు: సైజు, మెరుపు, నడక. నీటిలో అన్నిటికంటే ముందు ఎరుపు మాయమవుతుంది. లోతుకి వెళ్ళే కొద్దీ ఎర్ర దారం నల్లగా కనిపిస్తుంది. మా గాలాలు ఒకటి రెండు బారల లోతులోనే ఉంటాయి కాబట్టి తల దగ్గర ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. నీరు తేటగా ఉంటే సన్నగా, తెల్లగా కట్టమంటాడు తాత. వంశధారకి వరదొచ్చి మొగ దగ్గర నీరు బురదైతే లావుగా కట్టమంటాడు.

మన బ్రాంచి వాళ్ళకి ఒక ముక్క. ఇమేజ్ క్లాసిఫైయర్‌ని మోసం చెయ్యడానికి బొమ్మంతా మార్చక్కర్లేదు, అది దేన్ని చూసి నిర్ణయిస్తుందో ఆ కొంచెం మారిస్తే చాలు. ఈకల గాలం కూడా అంతే. దాన్ని పక్కన పెట్టి చూస్తే నెత్తల్లులా ఏమాత్రం ఉండదు. నేను మొదటి రోజు పెన్నుతో కళ్ళు గీసి, పొలుసులు గీసి చూపించాను. తాత ఎడం కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"బొమ్మ బాగుందే. సేపకేటి కావాలో అది నేదు."

కట్టే పద్ధతి

కావాల్సినవి: గాలం, టంగూసు, ఎర్ర కుట్టుదారం, పుంజు మెడ ఈకలు రెండు, పాత చీర జరీ పోగులు నాలుగైదు, కత్తెర, నెయిల్ పాలిష్. జరీ లేకపోతే చిప్స్ ప్యాకెట్ లోపలి వెండి రేకుని సన్నగా కత్తిరించండి. గాలం పట్టుకోడానికి హాస్టల్లో అయితే చిన్న పట్టకారుని రబ్బరు బ్యాండుతో టేబుల్‌కి కట్టుకోవచ్చు. ముల్లు మీ వైపు ఉండకుండా చూసుకోండి. మొదటి సారి ముల్లుని పట్టకారుతో నొక్కేసి మొద్దు చేసుకోవడం మంచిది. నా ఎడం చూపుడు వేలు ఈ మాట చెప్తోంది.

ఒకటి. టంగూసు ముడి. మా సముద్రపు గాలాలకి కన్నం ఉండదు, తల చదునుగా కొట్టి ఉంటుంది. టంగూసు కొసని గాలం కాడ వెంట పెట్టి, వెనక్కి మడిచి ఒక ఉచ్చు వదలండి. ఆ కొసతోనే కాడని, టంగూసుని కలిపి ఏడు చుట్లు చుట్టండి, చుట్టు పక్కన చుట్టు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా. కొసని ఉచ్చులోంచి దూర్చండి. ఇప్పుడు ఉమ్మి తడి చేసి మెల్లగా బిగించండి. తడి ఎందుకంటే పొడిగా లాగితే నైలాన్ రాపిడికి వేడెక్కి అక్కడే బలహీనపడుతుంది. టంగూసు తలకి లోపలి వైపు నుంచి, అంటే ముల్లున్న వైపు నుంచి రావాలి. బయటి వైపు నుంచి వస్తే చదును తల అంచు దాన్ని కోసేస్తుంది. ఇంగ్లీషులో దీన్ని స్నెల్ ముడి అంటారు. పైన చెప్పిన స్నెల్‌కీ దీనికీ చుట్టరికం లేదు.

రెండు. లాగి చూడండి. గాలాన్ని మేకుకి తగిలించి, టంగూసుని గుడ్డతో చేతికి చుట్టుకుని, ఒంటి బరువుతో లాగాలి. ఈ రెండో మెట్టుని గుర్తుపెట్టుకోండి.

మూడు. దారం పరుపు. ముడి మీద నుంచే ఎర్ర దారం దగ్గర దగ్గరగా చుట్టుకుంటూ వంపు దాకా వెళ్ళి మళ్ళీ తల వైపు రండి. మొదట ముడి వెయ్యక్కర్లేదు, దారం తన మీద తనే ఎక్కితే పట్టుకుంటుంది. ఉత్త ఇనుము మీద ఈక నిలవదు, జారుతుంది. అందుకే పరుపు.

నాలుగు. ఈకలు. రెండూ ఒకే పొడుగు, గాలానికి రెండింతలు. చెరో పక్కన ఒకటి, వంకర లోపలికి తిరిగి, రెండు అరచేతులు కలిపినట్టు ఉండాలి. ఒకటి బయటికి తిరిగితే గాలం నీళ్ళలో బొంగరంలా తిరిగి టంగూసు మెలిపడుతుంది. కట్టేటప్పుడు ఈకని బొటనవేలు, చూపుడు వేలు మధ్య గట్టిగా పట్టుకోండి. దారాన్ని ఆ రెండు వేళ్ళ మధ్యకి వదులుగా తీసుకెళ్ళి, అప్పుడు నిటారుగా కిందికి లాగండి. పక్కకి లాగితే దారంతో పాటు ఈక కూడా అవతలికి తిరిగిపోతుంది. మోంటానా ఆయనా, మా తాతా ఈ ఒక్క పని మాత్రం అచ్చం ఒకేలా చేస్తారు. నేను ఆయన వీడియో ఆపి తాత చేతులతో పోల్చి చూశాను.

ఐదు. మెరుపు. జరీ పోగుల్ని ఈకలకి రెండు వైపులా కట్టండి. నాలుగైదు చాలు. ఎక్కువైతే చేప బెదురుతుందంటాడు తాత.

ఆరు. తల. కొత్తగా కట్టేవాళ్ళందరూ చేసే తప్పు తల దగ్గర చోటు వదలకపోవడం. ఈకలన్నీ ముందుకి తోసేసి కడితే దారం చుట్టడానికి స్థలం ఉండదు, చదును తల మీంచి జారి ఊడిపోతుంది. బియ్యపు గింజంత చోటు వదలండి.

ఏడు. ముగింపు. దారం కొసతో ఉచ్చు చేసి, ఆ ఉచ్చు మీదే ఐదారు చుట్లు చుట్టి కొస లాగేయండి. టంగూసు ముడిలో చేసిన పనే, చిన్న సైజులో. పైన నెయిల్ పాలిష్ రెండు పూతలు. ఇది నేను ఇంట్లో పెట్టిన కొత్త పద్ధతి. నా దగ్గరున్నది గులాబీ రంగు. తాతకి రంగు తెలియలేదు, అమ్మమ్మ చెప్పేసింది.

నాకు మొదటి గాలానికి ముప్పావు గంట పట్టింది. వారానికి పావుగంటకొచ్చాను. తాత కళ్ళు మూసుకుని అయిదు నిమిషాల్లో కడతాడు. కళ్ళు మూసుకుని అని ఊరికే అనలేదు.

జూన్ 15

నిషేధం అయిపోయేసరికి ఇరవై గాలాలు కట్టాను. పెద్ద మావయ్య వాటిల్లోంచి ఎనిమిది తీసుకున్నాడు. తెల్లారగట్ల తెప్ప వెళ్ళింది. మధ్యాహ్నం తిరిగొచ్చింది. రెండు సూరలు, కొన్ని కానాగంతలు. సూరలు రెండూ తాత పోయినేడాది కట్టిన గాలాలకే పడ్డాయి. నా గాలానికి కోనెం పడిందట. తెప్ప పక్కకి వచ్చి తిరగబడిందట, అందరూ కళ్ళారా చూశారట. నాలుగు కిలోలుంటుందట. చేతికందే లోపల పోయింది.

"కోనెం పళ్ళు కత్తెరలే. టంగూసు కోసుకుపోనాది. నీ తప్పేటీ నేదు" అన్నాడు మావయ్య. ఆ రోజు ఆయిల్ ఖర్చు వచ్చేసే చేప అది. అయినా అలాగే అన్నాడు.

తాత ఆ టంగూసు కొస తెమ్మన్నాడు. కళ్ళకి దగ్గరగా కూడా పెట్టుకోలేదు. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, పెదవికి ఆనించి చూశాడు.

"ఇది తెగనేదే గుంటా. జారిపోనాది."

ఎలా తెలుసని అడిగాను. నా వేళ్ళ మధ్య పెట్టాడు. కొస పంది తోకలా వంకీలు తిరిగి ఉంది. చేప పళ్ళు కోస్తే కొస సూటిగా, పదునుగా ఉంటుంది. రాతికో తెప్ప అంచుకో రాసుకుంటే పీచులా గరుగ్గా ఉంటుంది. వంకీలు తిరిగిందంటే ముడిలోంచి జారి బయటికొచ్చింది. కోడ్ క్రాష్ అయితే మనం ఎర్రర్ మెసేజ్ చదువుతాం. ఆ కొస మొత్తం చదివేశాడు ఆయన, చూపు లేకుండా.

మిగిలిన పన్నెండు గాలాలూ తెచ్చి మేకుకి తగిలించి లాగాం. మూడు జారిపోయాయి. విప్పి చూస్తే ఆ మూడింటికీ నాలుగు చుట్లే ఉన్నాయి. నాకు గుర్తుంది. అమ్మమ్మ భోజనానికి పిలుస్తుంటే తొందరగా చుట్టినవి. పైన ఎర్ర దారం, ఈకలు, గులాబీ పాలిష్ వచ్చాక అన్నీ ఒకేలా కనబడ్డాయి. రెండో మెట్టు అన్నిటికీ చెయ్యలేదు. వీడియోల్లో ముడిని లాగి చూడడం ఎవరూ చూపించరు, ఎందుకంటే వాళ్ళ ఫ్లై గాలానికి కన్నం ఉంటుంది, నైలాన్‌ని తర్వాత ఏటి దగ్గర కట్టుకుంటారు. నేను వాళ్ళ దగ్గర ఈకలు నేర్చుకున్నాను. చేపని పట్టి ఉంచేది మాత్రం ఈకల కింద ఉన్న ముడి.

తాత తిట్టలేదు. తొమ్మిది బాగున్నవి పక్కన పెట్టి, ఆ మూడూ నా ముందు వేశాడు.

"ఈకలు ఇప్పీకు, పాడైపోతాయి. ముడి ఒక్కటీ మళ్ళీ కట్టు."

ఈకలు విప్పకుండా ముడి మళ్ళీ కట్టడం అవ్వదు. అది ఆయనకీ తెలుసు. మూడూ మొదటి నుంచి కట్టాను. ప్రతీ చుట్టూ పైకి లెక్కపెట్టమన్నాడు. "ఒకటి, రెండు" అని తెలుగులో ఏడు దాకా లెక్కపెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

కట్టాలనుకుంటే

మొదటి పది గాలాలు నీళ్ళకి కాదు, మేకుకి అనుకోండి. చెత్తబుట్టలో వెయ్యాల్సిన టంగూసు ముక్కలు జేబులో పెట్టుకోండి, బీచ్‌లో పారెయ్యకండి. మా తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, నైలాన్ వాటి కాళ్ళకి చుట్టుకుంటుంది. ఈక కోసం పుంజుని ఇబ్బంది పెట్టకండి, ఆదివారం చికెన్ షాపు దగ్గర నాటుకోడి ఈకలు అడిగితే ఊరికే ఇస్తారు. సబ్బు నీళ్ళలో కడిగి ఎండబెట్టుకోండి, లేకపోతే రూమ్మేట్ మాట్లాడదు. ఇదీ అనుభవమే.

అమెరికాలో షాపుల్లో అమ్మే ఫ్లైలలో చాలా భాగం కెన్యా, శ్రీలంక, థాయిలాండ్‌లలో చేత్తో కట్టినవే. ఇంతవరకు ఆ పనికి మనిషి వేళ్ళే కావాలి. మా ఊళ్ళో ఆ వేళ్ళు వెరావల్‌లో ట్రాలర్ వల లాగుతున్నాయి. చిన్న మావయ్యకి వీడియో కాల్‌లో నా గాలం చూపిస్తే, "ఈక ఎడం పక్కది తిరగబడింది సూడు" అన్నాడు. నిజమే, తిరగబడింది. అంత దూరం నుంచి ఫోనులో చూసి పట్టేశాడు.

తాత ఆపరేషన్‌కి షుగర్ ఇంకా తగ్గాలి. నేను శని ఆదివారాలు హాస్టల్లో కట్టి, పదేసి చొప్పున ఇంటికి వెళ్ళేవాళ్ళ చేత పంపిస్తున్నాను. పోయినసారి పంపిన పదీ లాగి చూశారట, ఒక్కటీ జారలేదట. ఈ మాట ఫోన్లో చెప్పింది అమ్మమ్మ. తాత అడగమన్నది మాత్రం వేరే, అన్నీ లెక్కపెట్టి చుట్టానా అని.

నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఆదివారం సాయంత్రం క్లబ్ రూముకి రండి. గాలాలు, దారం నా దగ్గర ఉన్నాయి. నెయిల్ పాలిష్ మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి.